పాఠం చెప్పే చేతికి కొడవలి ఇవ్వండి

తొలకరి పడే వేళకు రైతు సేవా కేంద్రం ముందు విత్తనాల బస్తాలు దిగుతాయి. జనుము, జీలుగ, పిల్లిపెసర. వరి రైతులకు వీటి గురించి ఒకరు చెప్పక్కర్లేదు. పూత దశలో కలియదున్ని దమ్ము చేయడం వాళ్లకు తాతల నాటి విద్య. చీనీ రైతు మాత్రం బస్తా దగ్గర ఆగి ఒక మాట అడుగుతాడు. ‘‘మేడమ్, బోరు నీళ్లు చెట్లకే చాలడం లేదు. మధ్యలో ఈ జనుము వేస్తే ఉన్న కాస్త తడినీ అదే తాగేయదా?’’ ఉద్యాన సహాయకురాలి దగ్గర జవాబు లేకపోలేదు. అది కరపత్రంలో అచ్చైన జవాబు: నత్రజని స్థిరీకరణ జరుగుతుంది, భూసారం పెరుగుతుంది. రైతు అడిగింది నీళ్ల గురించి. అతను విత్తనం తీసుకోకుండానే బండి స్టార్ట్ చేస్తాడు.

ఇందులో ఆమెను తప్పుపట్టడానికేమీ లేదు. పచ్చిరొట్ట గురించి ఆమె తరగతి గదిలో చదివింది, పరీక్షలో రాసింది. ఉద్యోగంలో చేరాక ఈ-పంట నమోదులు, జాబితాలు, ఫొటోల అప్‌లోడ్‌లతోనే పొద్దు గడిచిపోతోంది. ఒక పండ్ల తోటలో జనుము చల్లి, కోసి, చెట్ల కింద పరచి, ఆ మట్టి ఏడాదికి ఎలా మారిందో తవ్వి చూసే అవకాశం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. సుస్థిర పండ్ల సాగు గురించి ఎన్ని సదస్సులు పెట్టినా అసలు లోటు ఇక్కడే ఉంది. విత్తనానికి సబ్సిడీ ఉంది. దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎలా వాడాలో నేర్పేవారికి నేర్పే ఏర్పాటే లేదు.

మామిడి తోటను పాత పద్ధతిలో పది మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 40 మొక్కలు పడతాయి. లేత మొక్కకు రెండు మీటర్ల వెడల్పు పాదు చేశామనుకున్నా, 40 పాదులూ కలిపి 130 చదరపు మీటర్లు దాటవు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే మొదటి ఏళ్లలో రైతు తడిపేది, ఎరువు వేసేది, కళ్లలో పెట్టుకుని కాపాడేది నేలలో మూడు శాతాన్నే. మిగతా 97 శాతం వైశాఖపు ఎండకు మాడుతుంది, వానకు కోసుకుపోతుంది. పైగా ‘తోటంటే అద్దంలా ఉండాలి’ అని మన ఊళ్లలో ఒక పట్టింపు. గడ్డిపోచ కనిపిస్తే పక్క పొలం వాళ్లు నవ్విపోతారని ఏటా నాలుగైదు దుక్కులు, కలుపు మందు పిచికారీలు. చీనీ చెట్టుకు ఆహారం అందించే సన్న వేళ్లు ఎక్కువగా పై అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. ట్రాక్టరు నాగలి వెళ్లిన ప్రతిసారీ అవి తెగుతాయి. తెగిన చోటల్లా వేరుకుళ్లుకు దారి దొరుకుతుంది.

మరి ఆ నీళ్ల ప్రశ్నకు జవాబేమిటి? దానికి ఉపన్యాసం అక్కర్లేదు, రెండు గాజు గ్లాసులు చాలు. ఏళ్ల తరబడి దున్నుతున్న తోట నుంచి ఒక మట్టిపెళ్ల, రెండు మూడేళ్లుగా పచ్చిరొట్ట వేస్తున్న తోట నుంచి ఒక మట్టిపెళ్ల తెచ్చి ఆరబెట్టాలి. గ్లాసుల్లో నీళ్లు నింపి, జల్లెడ ముక్క మీద ఒక్కో పెళ్లను ముంచి ఉంచాలి. మొదటిది చూస్తుండగానే విచ్చిపోయి గ్లాసు అడుగున బురదగా దిగుతుంది. రెండోది చాలాసేపు చెక్కు చెదరదు. వేర్లు, శిలీంధ్రాల దారాలు, సూక్ష్మజీవులు వదిలే జిగురు దాన్ని పట్టి ఉంచుతాయి. విచ్చిపోయే మట్టి వాన పడగానే పైన అట్టకడుతుంది, నీరు ఇంకక వాగు పాలవుతుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో సెప్టెంబరు వానలదే పెద్ద వాటా. జూన్‌లో చల్లిన జనుమును ఆగస్టు నాటికి కోసి నేల మీద పరిస్తే, ఆ సెప్టెంబరు వానను ఇంకించుకోవడానికి భూమి సిద్ధంగా ఉంటుంది. జనుము నీళ్లు తాగే మాట నిజమే. వేళ తెలిసి కోస్తే తాగినదాని కంటే ఎక్కువ దాచిపెడుతుంది, వేళ తప్పితే చెట్టు నోటి దగ్గరి నీళ్లు లాక్కుంటుంది. ఆ వేళ ఎరిగిన మనిషే ఇప్పుడు ఊరికి కావాలి.

ఆ వేళ క్యాలెండరు చూసినంత మాత్రాన తెలిసేది కాదు. జనుము నలభై అయిదు, యాభై రోజులకు పూతకు వస్తుంది. అప్పుడు కాండం మెత్తగా ఉండి మట్టిలో తొందరగా చివుకుతుంది. ఇంకో రెండు వారాలు ఆలస్యమైతే ఇది నార పంట కూడా అన్న సంగతి జనుమే గుర్తు చేస్తుంది. పీచు కట్టిన కాండాన్ని చివికించడానికి సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనినే లాక్కుంటాయి, కొన్నాళ్లు చెట్టు ఆకు పాలిపోతుంది. వేర్ల మీది బొడిపెలు చూడాలంటే మొక్కను పీకకూడదు, పీకితే అవి మట్టిలోనే ఊడిపోతాయి. పారతో తవ్వి తీయాలి. బొడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే అది నత్రజనిని పట్టే పనిలో ఉన్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ పని జరగడం లేదన్నమాట. కోసిన రొట్టను చీనీ చెట్టు మొదలుకు ఆనించి పోస్తే తేమ పట్టి బంక తెగులు ముదురుతుంది. మొదలు చుట్టూ జానెడు, మూరెడు ఖాళీ వదలాలి. ఎర్రనేలల్లో చెదల సంగతి కూడా చూసుకోవాలి. వరి పొలంలో నేర్చిన పాఠంలో ఇవేవీ ఉండవు.

పంటను బట్టి పాఠం మారుతుంది కూడా. జామ తోటల్లో నులిపురుగుల బెడద ఉన్న చోట బెండ, టమాటా, వంగ అంతరపంటగా వేయడమంటే వాటిని మేపి పెంచుకోవడమే. అక్కడ జనుము, బంతి మేలు చేస్తాయి. బొప్పాయి మధ్య దోస, గుమ్మడి వేస్తే వైరస్ తెగుళ్లకు ఆశ్రయం ఇచ్చినట్టు. మామిడికి పూత రావాలంటే అంతకుముందు కొన్నాళ్లు నేల ఆరాలి, కాబట్టి చలికాలం దాకా పచ్చగా ఎదిగే పైరు పనికిరాదు. ‘నేలను కప్పండి’ అనే ఒక్క నినాదం అన్ని తోటలకూ సరిపోదు.

నేర్పేవారికి ముందు నేర్పాలనే ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో 1988లో మొదలైన ‘సేర్’ అనే సుస్థిర వ్యవసాయ కార్యక్రమంలో విస్తరణ సిబ్బంది శిక్షణకే విడిగా నిధులుంటాయి. నేలను కప్పే పంటల మీద ఆ సంస్థ వేసిన కరదీపిక అక్కడి వ్యవసాయ బోధకుల చేతుల్లో నలుగుతూ ఉంటుంది. అంత దూరం పోనక్కర్లేదు, మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఏడాది పొడవునా నేల మీద పచ్చదనం ఉండాలని చెబుతుంది, వానలకు ముందే నవధాన్యాల విత్తన గుళికలు చల్లిస్తుంది. అక్కడ పాఠం చెప్పేవారిలో ఎక్కువమంది సొంత పొలంలో చేసి చూసిన రైతులే. మహిళా సంఘాల సభ్యులూ వాళ్లలో ఉన్నారు. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని ఈ కార్యక్రమం మట్టి శాస్త్రవేత్త రత్తన్ లాల్‌తోనూ, ఈజిప్టు సంస్థ సెకెమ్‌తోనూ కలిసి అందుకుంది. ప్రకృతి వ్యవసాయంలోని ప్రతి మాటతోనూ శాస్త్రవేత్తలు ఏకీభవించకపోవచ్చు. కానీ చేసినవాడి చేతే చెప్పించాలన్న పద్ధతిని కాదనడానికి కారణం కనబడదు.

రైతుకు సలహా ఇచ్చేది ప్రభుత్వ సిబ్బంది ఒక్కరే కాదు. తెగులు ఆకు పట్టుకుని రైతు ముందు వెళ్లేది మందుల దుకాణానికే. దీన్ని గుర్తించే హైదరాబాద్‌లోని ‘మేనేజ్’ సంస్థ 2003లో డీలర్ల కోసం ‘దేశీ’ డిప్లొమా మొదలుపెట్టింది. దాదాపు ఏడాది పాటు, 48 వారాలు సాగే ఈ కోర్సులో 40 తరగతి పాఠాలు, 8 క్షేత్ర సందర్శనలు. ఆ ఎనిమిదిలో ఒకటి పచ్చిరొట్ట వేసిన పండ్ల తోటకైతే, కలుపు మందు డబ్బా అందించే చెయ్యి ఒక్క క్షణమైనా ఆగుతుంది. తెలంగాణలో 5,000 ఎకరాలకు ఒక క్లస్టరు చొప్పున విస్తరణాధికారి ఉన్నారు, 2,601 రైతు వేదికలున్నాయి. మంచి భవనాలే. అయితే జనుము వేరు బొడిపె రైతు వేదికలో కుర్చీ వేసుకుని కూర్చుంటే కనబడదు.

‘ఉన్న సిబ్బందికి ఉన్న పనులే తెమలడం లేదు, ఇంకో శిక్షణా?’ అని అధికారులు అనవచ్చు. సబబైన ప్రశ్నే. అందుకే అడుగుతున్నది ఇంకో మూడు రోజుల వర్క్‌షాపు కాదు. మూడు రోజుల్లో జనుము మొలక కూడా పూర్తిగా రాదు. ఒకే తోటకు ఏడాదిలో నాలుగు సార్లు వెళ్లాలి: జూన్‌లో విత్తడానికి, ఆగస్టులో కోయడానికి, సెప్టెంబరు వానలో నీరు ఇంకే తీరు చూడటానికి, మళ్లీ మే ఎండల్లో మట్టి తవ్వి చూడటానికి. మొత్తం కలిపినా నాలుగు పని దినాలే. తోట ఇచ్చిన రైతుకు బోధకుడిగా గౌరవ వేతనం ఇవ్వాలి. ఎన్ని క్వింటాళ్ల విత్తనం పంచారన్న లెక్కతో పాటు, వేళకు కోసి పరచిన ఎకరాలెన్ని అన్న లెక్క కూడా అడగాలి. వెంకటరామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాల విద్యార్థులు పల్లెల్లో గడిపే సెమిస్టరు తోట పని కాలంతో కలిసేలా చూడాలి. ఆఖరి పరీక్షలో ఒక ప్రశ్న పార పట్టుకుని జవాబివ్వాల్సినదై ఉండాలి.

పండ్ల రైతుకు ధర తన చేతిలో లేదు. 2025లో తోతాపురి ధర కుప్పకూలి, చిత్తూరు రైతును ఆదుకోవడానికి ప్రభుత్వం కిలోకు నాలుగు రూపాయలు కలపాల్సి వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీ ఎంత ఇస్తుందో రైతు నిర్ణయించలేడు. దుక్కికి, కలుపు మందుకు, ఎరువుకు, బోరు నీళ్లకు పెట్టే ఖర్చులో కొంతైనా తగ్గించుకునే దారి తోటలోనే ఉంది. దాన్ని చూపించగల మనిషి మండలానికి ఒకరైనా తయారు కావాలి. వచ్చే వేసవిలో పచ్చిరొట్ట విత్తనానికి ఇండెంట్ పెట్టేటప్పుడు, ప్రతి మండలంలో శిక్షణకు ఎంచుకున్న ఒక ఎకరం తోట సర్వే నంబరును కూడా అదే కాగితం మీద రాసి పంపాలని రెండు రాష్ట్రాల ఉద్యాన శాఖలు ఆదేశించాలి.