మాజీ పాలకులును చట్టమును

అధికారమునందున్న కాలమున చట్టమును మీఱిన పాలకుని, అధికారము తొలగిన పిమ్మట న్యాయస్థానము నెదుట నిలువబెట్టుట సాధ్యమా యను ప్రశ్న స్వతంత్ర భారతమున ఒక్కమారు నిజముగా పుట్టినది. 1977 మార్చి మొదలుకొని 1980 జనవరి వఱకు నడచిన ఆ ప్రయత్నమును గూర్చి నేటికిని ఇరుపక్షములవారు తొందరపాటు మాటలనే యాడుచున్నారు. అది కేవలము ప్రతీకారమని యొకరందురు. శ్రీమతి ఇందిరాగాంధీ తన చాకచక్యముచే తప్పించుకొనిరని వేఱొకరందురు. ఈ రెండును సగము మాటలు. అభియోగము మోపబూనిన వారి నిలుకడలేమియే ఆ విచారణను చెఱచినదని మా యభిప్రాయము.

జరిగినదేమో ముందుగా చూతము. 1975 జూన్ 12వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాదు హైకోర్టు తీర్పు చెప్పెను. జూన్ 25వ తేదీ రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్‌గారు అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకము చేసిరి. మంత్రివర్గము సమావేశమైనది మఱునాటి యుదయము. అనగా సంతకము ముందు, మంత్రుల సమ్మతి వెనుక. ఆ రాత్రియే ఢిల్లీ నగరమున బహదూర్‌షా జఫర్ మార్గమునందలి పత్రికా కార్యాలయములకు విద్యుత్తు నిలిపివేయబడెను. సెన్సారు ఉత్తర్వు వెలువడక మునుపే, ఒక మీటతో పత్రికల నోరు మూయబడినది. తదుపరి ఇరువదియొక్క నెలలలో మీసా శాసనము క్రిందను, దేశరక్షణ నిబంధనల క్రిందను నిర్బంధింపబడినవారి సంఖ్య 1,10,000కు పైబడెను. ఆ నిర్బంధితులకు హెబియస్ కార్పస్ కోరు హక్కు సయితము లేదని 1976 ఏప్రిల్ 28వ తేదీన సుప్రీంకోర్టే చెప్పెను. ఒక్క న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నాగారు మాత్రము విభేదించిరి. తత్ఫలితముగా ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు దక్కకుండ పోయెను.

జనతా ప్రభుత్వము 1977 మే 28వ తేదీన సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జె.సి. షాగారి యాధ్వర్యమున విచారణ కమిషనును నియమించెను. దానికి 48,000కు పైగా ఫిర్యాదులు అందినవి. 1978 మార్చి, ఏప్రిల్, ఆగస్టు మాసములలో మూడు నివేదికలు వెలువడెను. వానిని ఓపికతో చదివినవారికి గోచరించు విషయమొకటి కలదు. ఆ కాలమున ఘోరమైన పనులు పెక్కు నోటిమాటపైననే జరిగినవి. విద్యుత్తు నిలుపుమన్న యాజ్ఞ నోటిమాటయే. గృహముల కూల్చివేతలలోను, నిర్బంధములలోను పైవారి ఆదేశము మాటగా వచ్చుటయు, క్రిందివారు కాగితములను తరువాత సమకూర్చుకొనుటయు మరల మరల కానవచ్చును. వెనుకటి కాలమున పల్లెలో కరణము ఒక్క సెంటు భూమిని తారుమారు చేసినను అడంగలులో దాని జాడ మిగిలెడిది. దేశ రాజధానిలో వేలమంది స్వేచ్ఛను హరించిన చేతుల జాడ మాత్రము కాగితముపై మిగులలేదు. ఇట్టి వ్యవహారమున నేరస్థాపన చేయవలెనన్న శీఘ్రముగా, ఏకాగ్రతతో, తగిన న్యాయస్థానమునందు పని మొదలిడవలెను. ప్రభుత్వ మటుల చేయలేదు.

విచారణ కమిషను న్యాయస్థానము కాదు. దానికి శిక్షించు నధికారము లేదు. 1952 నాటి చట్టము ననుసరించి అందు చెప్పిన వాఙ్మూలమును, అబద్ధసాక్ష్యపు నేరమునకు దక్క, చెప్పినవానిపై నుపయోగింపరాదు. ఈ సంగతి మంత్రులకు తెలియనిది కాదు. ఐనను దినదినమును వార్తలకెక్కు బహిరంగ విచారణయే శిక్షయైనట్లు వారు సంతృప్తిపడిరి. 1978 జనవరిలో శ్రీమతి గాంధీ కమిషను నెదుటికి వచ్చి ప్రమాణము చేయుటకు నిరాకరించిరి. దానిపై వేసిన కేసు నిలువలేదు; ఆమెకట్టి నిర్బంధము లేదని ఢిల్లీ హైకోర్టు పిమ్మట తేల్చెను. కమిషను శ్రమ యంతయు కాగితముగా మిగిలెను.

ఇక అరెస్టు సంగతి. 1977 అక్టోబరు 3వ తేదీన సి.బి.ఐ. వారు ఆమెను పట్టుకొనిరి. ఏ యభియోగముపై? ఎన్నికల కొఱకు జీపులు సంపాదించిన వ్యవహారము, ఒక ఫ్రెంచి సంస్థతో చేసికొన్న చమురు ఒప్పందము. లక్షమంది నిర్బంధమునకు జవాబుదారియైన వ్యక్తిని జీపుల లెక్కపై పట్టుకొనిరి! మఱునాడు మేజిస్ట్రేటు, నిర్బంధించుటకు తగిన యాధారము కానరాదని, ఆమెను బేషరతుగా విడుదల చేసెను. ఆ యొక్క దినమున ప్రభుత్వము పోగొట్టుకొన్న గౌరవము మరల తిరిగి రాలేదు. నాటివఱకు ముద్దాయి స్థానమునందున్న నాయకురాలు నాటినుండి పీడితురాలై ప్రజల సానుభూతికి పాత్రురాలయ్యెను.

అటుపిమ్మట చేసిన పని యింతకన్న నధ్వానము. మారుతి సంస్థను గూర్చి పార్లమెంటుకు సమాధానము సిద్ధపఱచుచున్న నలుగురు అధికారులను వేధించిరను హక్కుల ఉల్లంఘన యారోపణపై 1978 డిసెంబరు 19వ తేదీన లోక్‌సభ ఆమెను సభనుండి బహిష్కరించి, సమావేశముల ముగింపువఱకు తీహారు జైలునకు పంపెను. ఆర్.కె. ధావన్, సి.బి.ఐ. పూర్వపు డైరెక్టరు డి. సేన్ అను వారికిని అదే శిక్ష. ఆరోపణ నిజమే కావచ్చును. కాని ఫిర్యాది, న్యాయమూర్తి, జైలరు ముగ్గురును ఒకే సభలోని సంఖ్యాధిక్యతయైనపుడు దానిని న్యాయమని యెవరు నమ్ముదురు? సంఖ్య మాఱినంతనే న్యాయమును మాఱెను. 1981 మే 7వ తేదీన క్రొత్త లోక్‌సభ ఆ తీర్మానమును రద్దుచేసెను.

సరియైన మార్గము లేకపోలేదు. ఈ నేరములను హైకోర్టు న్యాయమూర్తులచే శీఘ్రముగా విచారింపజేయుటకు స్పెషల్ కోర్టుల బిల్లు 1978లో సిద్ధమయ్యెను. రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డిగారు దానిని సుప్రీంకోర్టు సలహాకై పంపిరి. 1977 ఎన్నికలలో ఆంధ్రప్రదేశమునందలి 42 స్థానములలో 41 కాంగ్రెసు గెలిచినపుడు, నంద్యాలనుండి జనతాపక్షమున నెగ్గిన ఆ యొక్కరు వారే. 1978 డిసెంబరు 1వ తేదీన సుప్రీంకోర్టు, పార్లమెంటునకు ఇట్టి చట్టము చేయు నధికారము కలదనియు, ముద్దాయికి తగిన రక్షణములు చేర్పవలెననియు చెప్పెను. చట్టమైనది 1979 మే నెలలో. అప్పటికి రెండేండ్లు గడచినవి, పక్షము చీలుటకు సిద్ధముగానున్నది. జూలైలో మొరార్జీ దేశాయిగారు రాజీనామా నిచ్చిరి. హోం మంత్రిగా శ్రీమతి గాంధీని అరెస్టు చేయించిన చౌధురి చరణ్‌సింగుగారు ఆమె పక్షపు మద్దతుతోనే ప్రధానులైరి! ఆ మద్దతు తొలగగా పార్లమెంటు ముఖము చూడకయే ఆగస్టులో రాజీనామా చేసిరి. ఇక ఆ కేసులను నడపు నాథుడెవ్వడు? శిక్షవఱకు పోయిన ముఖ్యమైన కేసు ‘కిస్సా కుర్సీ కా’ చిత్రపు ప్రతులను తగులబెట్టిన వ్యవహారము. సంజయగాంధీ, వి.సి. శుక్లా గారలకు 1979 ఫిబ్రవరిలో రెండేండ్ల శిక్ష పడినది. 1980 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను.

ప్రజలే 1977లో శిక్షించిరి, 1980లో క్షమించిరి, ఇక కోర్టులేలయని యడుగువారు కలరు. మెదకు ఓటర్లు 1980లో ఆమెను గెలిపించిరి. రాయబరేలీని వదలి ఆమె మెదకునే యుంచుకొనిరి. ఓటరు మాటకు మేము తల యొగ్గుదుము. కాని ఓటరు తేల్చునది రేపటి పాలకుడెవ్వడను ప్రశ్న. ఫలానా రాత్రి ఫలానా వ్యక్తిని చట్టవిరుద్ధముగా చెఱపెట్టిన దెవ్వరను ప్రశ్న పెట్టెలో వేసిన కాగితముతో తేలదు. ఆ నిర్బంధితుడు మైనారిటీయైనను, మఱియు ఒక్కడేయైనను, అతని ఫిర్యాదు వినబడవలెను. మన రాష్ట్రముననే, ఆ కాలపు ‘ఎన్‌కౌంటర్’ మరణములపై నియమితమైన జస్టిస్ భార్గవా కమిషను విచారణ బహిరంగముగానా రహస్యముగానా యను వివాదమున చిక్కి, పూర్తిగాకయే ముగిసెను. ఆ చచ్చినవారి కుటుంబములకు ఏ యెన్నిక ఏమి సమాధానము చెప్పినది?

ఈ పని అసాధ్యమని చెప్పువారు దక్షిణ కొరియాను చూడవలెను. అచ్చటను ఆలస్యమును, రాజకీయమును లేకపోలేదు. 1980లో గ్వాంగ్జు నగర ప్రజలపై సైన్యమును ప్రయోగించిన చున్ దూ-హ్వాన్, ఆయన యనుచరుడును తరువాతి అధ్యక్షుడును ఐన రో తే-వూ గారలపై కేసు నడపజాలమని 1995లో ప్రభుత్వ న్యాయవాదులే చెప్పిరి. ప్రజలు వీథుల కెక్కగా అదే సంవత్సరము డిసెంబరులో ప్రత్యేక చట్టము వచ్చెను. 1996 ఆగస్టులో తీర్పు వెలువడెను. చున్‌కు మరణశిక్ష, రోకు ఇరువదిరెండున్నర యేండ్ల శిక్ష. తోడి సేనానులకును శిక్షలు. 1997 ఏప్రిల్‌లో అత్యున్నత న్యాయస్థానము యావజ్జీవముగను, పదునేడేండ్లుగను తగ్గిన శిక్షలను స్థిరపఱచెను. ఆ డిసెంబరులోనే క్షమాభిక్ష లభించినమాట నిజమే. కాని అచ్చట క్షమ తీర్పు తరువాత వచ్చినది. మన దేశమున తీర్పే లేదు గనుక క్షమకు తావే లేకపోయెను.

1978లో చేసిన 44వ రాజ్యాంగ సవరణ యొక్కటి మిగిలినది. నాటినుండి సాయుధ తిరుగుబాటు ఉన్నదనియే గాని ‘ఆంతరంగిక కల్లోలము’ పేర అత్యవసర పరిస్థితిని ప్రకటింపరాదు. మంత్రివర్గ నిర్ణయము వ్రాతపూర్వకముగా రాష్ట్రపతికి చేరవలెను. నోటిమాటపై నడచిన రాత్రికి ఇది తగిన ప్రత్యుత్తరమే. మనుష్యుల విషయము వేఱు. న్యాయవర్తనము కావలసిన ఏ ప్రభుత్వ పదవికిని తగడని షా కమిషను వ్రాసిన ఢిల్లీ యధికారి యొకరు 2009లో దేశపు ప్రధాన ఎన్నికల కమిషనరైరి. నివేదిక ప్రతులు 1980 తరువాత దొరకుట దుర్లభమైనది. పార్లమెంటు మాజీ సభ్యుడు ఎరా సెళియన్‌గారు ముప్పది యేండ్ల పిమ్మట మదరాసునుండి దానిని మరల అచ్చొత్తింపవలసి వచ్చెను.