పదో తరగతి ఫేర్‌వెల్‌లో గోండీ ఎందుకు వినపడదు?



ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ఆశ్రమ పాఠశాలల పదో తరగతి ఫేర్‌వెల్ ఫొటోలతో మన వాట్సాప్ గ్రూపులన్నీ నిండిపోతాయి. కొత్త చీరలు, రంగు కాగితాలు, కేకు, గ్రూప్ ఫొటో. సంతోషమే. మూడో తరగతి నుంచి ట్రంకు పెట్టెతో ఇంటికి దూరంగా బతికిన పిల్లలకు ఆ ఒక్క రోజన్నా పండుగ ఉండాల్సిందే. నా పేచీ అంతా ఆ వీడియోల్లోని ప్రసంగాలతోనే.

ఉట్నూర్ ఏజెన్సీలో ఏ బడి వీడియో చూసినా ఒకటే ప్రసంగం. "వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలై "మమ్మల్ని తీర్చిదిద్దిన ఉపాధ్యాయులకు" దగ్గర అయిపోతుంది. సార్ రాసిచ్చిన కాగితం అది. చదివే చెల్లె తల ఎత్తదు. అదే చెల్లె కిందికి దిగి దోస్తుల పక్కన కూర్చున్నాక చూడండి, గోండీలో గలగలా మాట్లాడుతుంది. హాస్టల్‌లో జ్వరం వచ్చిన రాత్రి ఎవరు పక్కన కూర్చున్నరో, దండారికి ఊరికి పోనియ్యకపోతే ఎంత ఏడ్చిందో, తనతో చేరి మధ్యలో బడి మానేసినోళ్లు ఇప్పుడు ఎవరి పత్తి చేన్ల కూలికి పోతున్నరో, అన్నీ ఆ భాషలోనే చెప్తుంది. బడి గురించిన అసలు మాట అది. మైకు దాకా రానిది కూడా అదే.

బడి మానేసిన పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదని రాసేస్తారు. ఆసక్తి ఎక్కడ తెగిందో ఎవరూ అడగరు. గోండీలో నీళ్లను ఏర్ అంటాం. తెలుగులో ఏరు అంటే వాగు. ఊరి బడి నుంచి కొత్తగా వచ్చిన చిన్నోడు ఏర్ కావాలంటే, వాగుకెందుకురా అని కసిరే సార్లు మనకు కొత్త కాదు. నవ్వుకునే ముచ్చటే గానీ, దాహం అడిగితే తిట్లు పడ్డ పిల్లోడు లెక్కల్లో డౌటు అడుగుతాడా? అర్థమైనా కాకున్నా ఎనిమిది దాకా పై తరగతికి తోసేస్తారు. తొమ్మిదికి వచ్చేసరికి పుస్తకం గోడలా నిలబడుతుంది.

ఇది కుదరని పనేం కాదు, మన దగ్గరే ఒకప్పుడు జరిగింది. 1940లో కొమురం భీం అమరుడయ్యాక, గోండుల పరిస్థితి తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ మొదలైంది. గోండీ వాచకాలు తయారైనయ్. ఆ సర్కారు మన మీద ప్రేమతో చేసిందని నేననను, భీం పోరాటం పుట్టించిన భయంతో చేసింది. కానీ చేసింది. ఇప్పుడు రాజ్యాంగంలో 350ఎ అధికరణ ఉంది, ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమంటుంది. 2018 నుంచి యూనికోడ్‌లో గుంజాల గోండీ లిపి కూడా ఉంది. కాగితం మీద అన్నీ ఉన్నయ్. క్లాసులో గోండీ తెలిసిన మనిషి ఉన్నడా అన్నదే ప్రశ్న.

ఆ మనిషి కోసమే జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న ఇచ్చిన జీవో. మైదానం నుంచి వచ్చిన సార్లు బడికి రాకపోవడం దానికి ఒక కారణం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూరు శాతం చెల్లదంది. సరే, దానికి బదులు ఏం పెట్టారు? పిల్లల భాష తెలిసి ఉండాలని నియామకాల్లో ఒక నిబంధన పెట్టడానికి ఏం అడ్డం? ఇది కులం సర్టిఫికెట్ గొడవ కాదు, క్లాసులో పాఠం అర్థం కావడం గురించి. ఇప్పుడు ఆ పని చాలా బడుల్లో సీఆర్టీలే మోస్తున్నరు, కాంట్రాక్టు జీతంతో. వాళ్లు సమ్మెకు దిగితే పాఠం ఆగుతుంది, పిల్లలకు గోండీలో విడమరిచి చెప్పే గొంతు కూడా పోతుంది.

గోండీ చదివితే ఉద్యోగం ఎవడిస్తడు అని మనోళ్లే అడుగుతరు. తెలుగు, ఇంగ్లిష్ వద్దని ఎవరన్నరు? ఇది నేను తెలుగులోనే రాస్తున్న. ఒకే క్లాసులో గోండు, కోలాం, నాయకపోడు పిల్లలు ఉంటే ఏ భాషలో చెప్పాలన్నది మాత్రం నిజమైన చిక్కే. దానికి జవాబు ఏ బడిలో ఏ పిల్లలున్నరో చూసి టీచర్లను వెయ్యడం. మొత్తానికే మానెయ్యడం కాదు.

ఈసారి పది పూర్తి చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఫేర్‌వెల్‌లో ఒక్కటి అడగండి. కాగితం లేకుండా ఇద్దరు గోండీలో, ఒకరు కోలామీలో మాట్లాడాలి. మూడో తరగతిలో మీతో చేరినోళ్లలో ఇప్పుడు లేనోళ్ల పేర్లు చదవాలి, ఎందుకు లేరో చెప్పాలి. తలా రెండు నిమిషాలు చాలు. సార్లకు అర్థం కాకపోతే పక్కన ఎనిమిదో తరగతి పిల్లలను కూర్చోబెట్టండి, వాళ్లే తెలుగులో చెప్తరు.