మాతృభాషయు, ఉన్నత పాఠశాలయు

ఉన్నత పాఠశాలల చరిత్రను వ్రాయువారు సామాన్యముగ భవనములను, విద్యార్థుల సంఖ్యను, పరీక్షాఫలితములను పేర్కొని తృప్తి నొందుదురు. హైదరాబాదు నగరమున నారాయణగూడయందు 1928వ సంవత్సరమున శ్రీ మాడపాటి హనుమంతరావు పంతులుగారు నెలకొల్పిన ఆంధ్ర బాలికోన్నత పాఠశాల విషయమున ఆ కొలతలు చాలవు. బిడ్డలకు ఏ భాషలో పాఠము చెప్పవలయునో నిర్ణయించు అధికారము ఎవరిదను ప్రశ్న ఆ పాఠశాలతోడనే పుట్టినది. అది నేటికిని తీరలేదు గనుకనే ఈ చరిత్రను పాఠకులకు జ్ఞప్తి చేయుచున్నాము.

నాటి నిజాం రాజ్యమున సుమారు సగము ప్రజ తెలుగువారు. కచేరీలలోను, ఉన్నతవిద్యలోను ఉర్దూయే చెల్లుబడి. 1921 నవంబరులో వివేకవర్ధని మందిరమున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలిచేసి అడ్డుపడిరి. ఆ పరాభవమునుండియే ఆంధ్రజనసంఘము ఉద్భవించెను. ఆనాటి సభకు అధ్యక్షులు మహారాష్ట్ర సంస్కర్త ధోండో కేశవ కార్వేగారు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

అంతకు మూడేండ్లు ముందు, 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. ఆ సంస్థ చేసిన మహోపకారమును మేము తక్కువ చేయము. ఉన్నతశాస్త్రములకు ఆంగ్లమే గతియని లోకము నమ్ముచున్న కాలమున, అనువాదశాఖను నెలకొల్పి, గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చి, భారతీయభాషలో వైద్యమును సైతము బోధింపవచ్చునని అది నిరూపించెను. కాని ఏ న్యాయము ఉర్దూకు చెల్లినదో ఆ న్యాయము తెలుగునకు చెల్లదయ్యెను! మాతృభాషలో విద్య గరపుట సత్యమైన సిద్ధాంతమైనచో, అది పాలకుల భాషకొక్కదానికే సత్యమగుట యెట్లు? మాకు ఉర్దూతో వైరము లేదు. పంతులుగారు స్వయముగ ఉర్దూభాషయందు నిష్ణాతులు. మా వాదమెల్ల ఆ పక్షపాతముతోనే.

ఉన్నత పాఠశాలకు పరీక్షయే ప్రాణము. పరీక్ష నడపు విశ్వవిద్యాలయము గుర్తింపనిచో, ఎంత చక్కగ చదివినను ఆ చదువునకు విలువ లేదు. తెలుగున బోధించు ఈ పాఠశాలకు ఉస్మానియా గుర్తింపు లభింపలేదు. భాష మార్చుకొన్నచో చిక్కు తీరెడిది. పంతులుగారు భాషను మార్చలేదు. పూనా వైపు చూచిరి. 1916లో కార్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము మాతృభాషలో బోధనను మూలసూత్రముగ గైకొన్నది. ఆ విశ్వవిద్యాలయమే తెలుగు బాలికల పాఠశాలను తన యనుబంధముగ స్వీకరించెను. ఎవరి యధ్యక్షతను జరిగిన సభలో తెలుగు మాట మూగవోయెనో, వారి విద్యాలయమే తెలుగు చదువునకు ఆశ్రయమిచ్చుట చరిత్రలోని చిత్రము.

ప్రభుత్వానుమతి లేనిదే ఖాన్గీ పాఠశాల తెరువరాదను నిబంధనలు అమలునందున్న దినములవి. ఆడపిల్లను బడికి పంపుటయే సాహసము. అట్టి కాలమున ప్రజల యాదరమే పెట్టుబడిగ ఆ పాఠశాల నిలిచినది, పెరిగినది, తుదకు స్థాపకుని నామమునే ధరించినది.

ఇక నేటి స్థితి చూతము. తెలుగు బడికి అనుమతి నిరాకరించు ప్రభువు నేడు లేడు. తెలంగాణమున తెలుగును పాఠశాలలలో నిర్బంధ పాఠ్యాంశముగ జేయుచు 2018లో శాసనము వచ్చినది. నాలుగేండ్లకే, 2022లో, ప్రభుత్వ పాఠశాలలన్నిట ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్ట నిశ్చయమైనది. ఆంధ్రప్రదేశమున 2019లో వెలువడిన అట్టి ఉత్తరువును 2020 ఏప్రిలులో హైకోర్టు కొట్టివేసినది. ఈ మార్పును కోరువారిలో పేద తల్లిదండ్రులే అనేకులు. వారిని నిందించుట అన్యాయము. తన బిడ్డను ఆంగ్లపు బడికి పంపుచు, కూలివాని బిడ్డకు మాతృభాషాభిమానమును ఉపదేశించువాడు ఆత్మవంచకుడు.

నాడు తెలుగు చదువునకు గుర్తింపు లేదు. నేడు గుర్తింపు కలదు గాని బ్రతుకుతెరువు లేదు. రెండును ఒకే రోగముయొక్క రూపములు. కొలువులలో తెలుగున చదివినవారికి సమానమైన త్రోవ చూపక, ఉన్నతశాస్త్రములకు తెలుగున మంచి గ్రంథములు వ్రాయింపక, ఆంగ్లమును ఒక భాషగ ప్రతి బడిలోను చక్కగ నేర్పింపక, భాషాభిమానమును ఎంత ప్రకటించినను ఫలితము సున్న. అనువాదశాఖతో ఉస్మానియా ఉర్దూకు చేసిన సేవను, స్వపరిపాలనలో ఇన్ని యేండ్లు గడచిన పిదపనైనను మన ప్రభుత్వములు తెలుగునకు చేయలేవా?

పంతులుగారు ప్రభుత్వము కరుణించువరకు వేచియుండలేదు. ఆయన దారి వెదకిరి. ప్రజలు వెంట నడచిరి. నేడు దారి వేయవలసినది మనమెన్నుకొన్న ప్రభుత్వములే. వేయించుకొనవలసిన బాధ్యత మాత్రము నాటివలెనే ప్రజలది.