పూజ చేసిన పుస్తకం

పోయిన శుక్రవారం సాయంకాలం మా మేనకోడలు ఊరినుంచి వచ్చింది. చేతిలో చిన్న పెట్టె, చంకలో పెద్ద పుస్తకం. ఎర్రటి రెక్సిను అట్ట, దానిమీద బంగారు అక్షరాలు. ఆరేళ్లు కష్టపడి రాసిన సిద్ధాంత గ్రంథం అది. డాక్టరేటు పట్టా చేతికి వచ్చి నెలరోజులయింది. అమ్మమ్మకు చూపించి ఆశీర్వాదం పుచ్చుకుందామని వచ్చింది.

మా అమ్మ ఆ పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. అట్టమీద కుంకుమ బొట్టు పెట్టి, తిన్నగా దేవుడి గదిలోకి తీసుకుపోయి సరస్వతి పటం ముందు పెట్టింది. మా ఆవిడ పాయసం చేసింది. నేను ఇరుగుపొరుగు వారందరికీ చెప్పి వచ్చాను. ఇంత హడావుడీ జరిగింది గాని, ఆ పుస్తకంలో ఏముందని ఇంట్లో ఒక్కరమూ అడగలేదు. అడగవలసినవాణ్ణి నేను. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ణి. నాకూ తోచలేదు.

భోజనాలయ్యాక దాని పెట్టెలోంచి ఒక కాగితం జారి కిందపడింది. తీసి చూశాను. పరిశ్రమలమీదా, సంస్థలమీదా వచ్చిన సిద్ధాంత గ్రంథాలలో మేలైనదాన్ని ఎంచి ఇచ్చే బహుమతి తాలూకు దరఖాస్తు. పది పేజీల సంగ్రహం రాసి, గైడు గారి ఉత్తరం జతచేసి పంపాలి. ఉత్తరం ఉంది. సంగ్రహం ఒక్క ముక్కయినా లేదు. గడువు నాలుగు రోజులే.

"పంపించవేమే?" అన్నాను.

"ఎందుకు మామయ్యా! పట్టా వచ్చిందిగా. నేను రాసింది చేనేత సహకార సంఘాల గురించి. రెండు ఊళ్లు, నాలుగు సంఘాలు. అక్కడికి వచ్చేవన్నీ కంప్యూటర్ల గురించీ, పెద్ద పెద్ద కంపెనీల గురించీ ఉంటాయి. నా మగ్గాల గోల ఎవరు చదువుతారు? వచ్చే నెల బ్యాంకు పరీక్ష రాస్తాను. ఇక ఈ పరిశోధన జోలికి పోను."

లోపలినుంచి మా అమ్మ "దేవుడు చదువుతాడులేవే" అంది. అందరం నవ్వాం. కాని నాకు ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నేనూ ఒకప్పుడు పరిశోధనకు పేరు నమోదు చేయించుకుని, రెండు అధ్యాయాలు రాసి, చదివేవాడు కనిపించక అటకమీద పెట్టినవాణ్ణే.

మా కాలేజీలో కామర్సు చెప్పే మిత్రుడు నాచేత చదివించిన సంగతి ఒకటి ఆ రాత్రి దానికి చెప్పాను.

అమెరికాలో క్లేటన్ క్రిస్టెన్సెన్ అని ఒకాయన ఉండేవాడు. 1952లో పుట్టి 2020లో పోయాడు. 1984లో మరికొందరితో కలిసి పింగాణీ జాతి పదార్థాలతో సామగ్రి చేసే కంపెనీ పెట్టాడు. ఆ తరువాత, పిల్లలు గల సంసారి అయివుండీ, హార్వర్డులో మళ్లీ విద్యార్థిగా చేరి 1992లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. చక్కగా నడిచే పెద్ద కంపెనీలు ఉన్నట్టుండి ఎందుకు పడిపోతాయి? ఇదీ ఆయన ప్రశ్న.

దీనికి ఆయన ఎన్నుకున్న విషయం, కంప్యూటర్లలో సమాచారం దాచే డిస్కు డ్రైవుల పరిశ్రమ. ఇది ఒక స్నేహితుడిచ్చిన సలహా. వంశపారంపర్య లక్షణాలు పరిశీలించే శాస్త్రజ్ఞులు మనుషులను పట్టుకోరు. ఒక తరం గడవాలంటే ముప్పై ఏళ్లు కావాలి. పళ్లమీద ముసిరే ఈగలను తీసుకుంటారు. వాటికి తరాలు గబగబా మారిపోతాయి. వ్యాపారంలో ఆ ఈగలవంటివి డిస్కు డ్రైవులేనన్నాడు ఆ స్నేహితుడు. ఏ కంపెనీ ఏ యేట ఏ నమూనా తెచ్చిందో చెప్పే నివేదికలు ఏటేటా అచ్చవుతూ ఉండేవి. అవి ముందు వేసుకుని ఒక్కొక్క నమూనా లెక్కా రాసుకున్నాడు.

తేలిన సంగతి విచిత్రమైనది. పెద్ద కంప్యూటర్లకు 14 అంగుళాల డ్రైవులు వాడేవారు. 1978-80 మధ్య కొన్ని కొత్త కంపెనీలు 8 అంగుళాలవి తెచ్చాయి. వాటిలో పట్టేది 10 నుంచి 40 మెగాబైట్లు. పెద్ద కంప్యూటర్లవారికి 300, 400 కావాలి. పాత కంపెనీలవారి ఖాతాదారులకు ఆ చిన్నవాటితో పనిలేదు. ఖాతాదారు వద్దన్నది చేయడమెందుకని కంపెనీలవారు ఊరుకున్నారు. చిన్న డ్రైవులు చిన్న కంప్యూటర్లలో చోటు సంపాదించుకుని, ఏటేటా బలం పుంజుకుని, చివరికి పెద్దవాటి చోటే ఆక్రమించాయి. 14 అంగుళాల కంపెనీలలో మూడింట రెండు వంతులు 8 అంగుళాల డ్రైవు ఎన్నడూ చేయనేలేదు. 5.25 అంగుళాలవి వచ్చినప్పుడూ, 3.5 అంగుళాలవి వచ్చినప్పుడూ ఇంచుమించు ఇదే కథ. ఆ కంపెనీలవారు సోమరులూ కారు, తెలివితక్కువవారూ కారు. ఉన్న ఖాతాదారు మాట బుద్ధిగా విని చెడ్డారు!

ఆ గ్రంథానికి అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ సైన్సెస్ వారు ఉత్తమ సిద్ధాంత గ్రంథమని బహుమతి ఇచ్చారు. ఆయనకు లోకమంతటా పేరు తెచ్చిన 'ది ఇన్నొవేటర్స్ డిలెమ్మా' 1997లో గాని రాలేదు. పేరు వచ్చినవాడికి దండ వేయడం ఎవరికైనా తెలుసు. పేరు లేనివాడి లెక్కల పుస్తకం ఓపికగా చదివి, ఇది పదిమందీ చూడవలసిందని చెప్పడం కష్టం. పట్టా ఇచ్చే పరీక్షకులు ఈ పని పరిశోధన అనిపించుకుంటుందా లేదా అని తేలుస్తారు. బహుమతి ఇచ్చేవారు దానికి పాఠకులను వెతికిపెడతారు.

"అయితే బహుమతి వచ్చింది కనక ఆయన చెప్పిందంతా నిజమేనా మామయ్యా?" అంది. డాక్టరేటు ఊరికే రాలేదు దానికి!

"అంతా నిజమని అందరూ ఒప్పుకోలేదు. 2015లో ఇద్దరు పరిశోధకులు, ఆయన పుస్తకాలలోని 77 ఉదాహరణలు తీసుకుని, ఆయా రంగాలు తెలిసినవారిని అడిగారు. సిద్ధాంతంలోని అంశాలన్నిటికీ సరిపోయినవి చాలా కొద్ది అని తేలింది. చదివారు కనకనే తప్పు పట్టగలిగారు. ఎవరూ చదవని పుస్తకంలో తప్పులే ఉండవు" అన్నాను.

"ఆయనదీ కంప్యూటర్ల సంగతే కదా" అని గొణిగింది.

"సరే, బావుల సంగతి చెబుతాను. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ 1965లో డాక్టరేటుకు రాసింది లాస్ ఏంజెలెస్ దగ్గరి భూగర్భజలం గురించి. సముద్రపు ఉప్పునీరు లోపలికి చొచ్చుకు వస్తూంటే, ఆ నీళ్లు తోడుకునేవారు కలిసి ఏ కట్టుబాట్లు చేసుకున్నారన్నది విషయం. ఉమ్మడి సొత్తును జనం ఎలా కాపాడుకుంటారన్న ఆలోచన ఆ తరువాత కూడా ఆమె వదలలేదు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకుంది. ఆ శాస్త్రంలో అది అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. మధ్య 44 ఏళ్లు. అంతకాలం నిలబడే ఓపిక అందరికీ ఉంటుందా? అందుకే మొదటి మెట్టుమీద ఉన్నప్పుడే ఎవరో ఒకరు చదివి, బాగుందనాలి."

అది ఏమీ అనకుండా పోయి పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడెక్కడి పరిశోధనో చెప్పాను గాని, దేవుడి గదిలో ఉన్నదాన్ని నేను తెరిచి చూశానా?

తెల్లవారుజామున లేచి పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. నాలుగో అధ్యాయంలో ఒకచోట ఆగిపోయాను. ఒకే వీధిలో రెండు సంఘాలు. అదే నూలు, అవే మగ్గాలు. ఒకటి మూతపడింది, ఒకటి నడుస్తూంది. నడిచే సంఘంలో గుమాస్తా, చీర కొన్నవారు ఏమన్నారో, తిరిగివచ్చిన చీర ఎందుకు వచ్చిందో చిట్టాలో రాసి, వారానికొకసారి నేతపనివారికి చదివి వినిపిస్తాడట.

అది కాఫీ గ్లాసుతో వచ్చింది. "ఏమే, కొన్నవాళ్ల మాట రాశాడు సరే. కొనకుండా వెళ్లిపోయినవాళ్ల మాట రాశాడా, లేదా?" అని అడిగాను.

దాని ముఖం ఒక్కసారి వెలిగింది. "రాశాడు మామయ్యా! చిట్టా వెనక పేజీల్లో ఉంది. అడ్డపంచెల కోసం వచ్చి, తువ్వాళ్లు లేవా అని అడిగి వెళ్లిపోయినవాళ్లు... అదంతా అయిదో అధ్యాయం. ఇన్నాళ్లకు మీరొక్కరే అడిగారు" అంది. కాఫీ అక్కడే పెట్టి, కాగితాలు ముందు వేసుకుని బల్ల దగ్గర కూర్చుంది. మధ్యాహ్నానికి మూడు పేజీలు రాసింది.

బహుమతి వస్తుందో రాదో నాకు తెలియదు. బ్యాంకు పరీక్ష రాస్తుందో మానుతుందో అదీ దాని ఇష్టం. మీ ఇంట్లోనూ బంగారు అక్షరాల పుస్తకం ఒకటి బీరువాలో ఉంటే, రాసిన బిడ్డ దగ్గర కూర్చుని, కనీసం ఒక్క అధ్యాయం గురించి అడిగి చూడండి.

ఆ ఉదయం మా అమ్మ స్నానం చేసి పూజకు వచ్చి, "పుస్తకం ఏదిరా?" అంది.

"చదువుతున్నానమ్మా" అన్నాను.