గృహిణి ముచ్చటలు: ఎఱుపన నెట్టి యెఱుపు?

గతమాసమున మా యింట నొక చిన్న వివాదము పుట్టినది. బంధువులు అరకునుండి తెచ్చిన కాఫీగింజలను వేయించి, పొడిచేసి, డికాక్షను దించితిమి. చాల బాగున్నదని మేమంటిమి. "ఇదియు నొక కాఫీయేనా?" అని మా అత్తగారనిరి. ఒక్క యింట నిద్దఱికే "బాగు" అన్నమాట కుదరనప్పుడు, ఆ గింజలను పండించు వేలకొలది మన్యపు కుటుంబములకు అది యెట్లు కుదురునని మాకు విచారము కలిగినది.

అరకు, పాడేరు, చింతపల్లి కొండలలో గిరిజనుల కాఫీతోటలు పెద్ద ఎస్టేటులు కావు. ఇంటింటికి కొద్దిపాటి నేల. సిల్వరు ఓకు చెట్లనీడను కాఫీమొక్కలు, ఆ చెట్లకే అల్లుకొన్న మిరియపుతీగలు. కార్తీకము మొదలు పుష్యము వఱకు కోతకాలము. ఒక్క కొమ్మమీదనే పచ్చికాయ, దోరకాయ, ఎఱ్ఱని పండు, ఎండి నల్లబడినది కలిసియుండును. అన్నిటిని ఒక్కమాఱు దూసినచో పని త్వరగా తీరును. పండినవే ఏఱి కోసినచో అదే మొక్కకడకు మూడు నాలుగు మాఱులు పోవలెను. ఆ నడకలో, ఆ కోతలో స్త్రీల పాలు తక్కువ కాదు.

"పండినవే కోయుడు" అనుట సులభము. పండుట యన నేమి? ఒకరికి చెక్కిలి ఎఱుపెక్కిన చాలును, మఱియొకరికి తొడిమవఱకు ఎఱుపు దిగవలెను. ఈ చిక్కు ఉపన్యాసములతో తీరదు. పండ్లను చాపమీద కుమ్మరించి, పదిమంది చుట్టుకూర్చుండి, ఇది చెల్లును, ఇది చెల్లదని కంటికెదుట వేఱుచేయవలెను. పండిన పండును వ్రేళ్లతో నొక్కినచో గింజ జాఱి వచ్చును. నీటిలో వేసినచో తాలుపండ్లు తేలును. ఇట్టి పరీక్షకు పెద్దరికముతో పనిలేదు. కోడలైనను అత్తగారి బుట్టలోని పచ్చికాయను చూపవచ్చును.

కోసిన పండ్లకు ఆనాడే తొక్కతీసి, జిగురు వదలునట్లు పులియనిచ్చి, కడిగి, తేమ నూటికి 10 లేక 12 పాళ్లకు దిగువఱకు ఎండబెట్టవలెను. ఒక యింటివారు పండ్లను మూటలోనే విడిచినచో అవి లోలోన మురుగును. ఆ గింజలు కొన్ని కలిసినను మంచి బస్తాకంతకు కంపు తగులును. అందఱి పండ్లును ఒక తొట్టిలో పడుచోట ఒకరి యశ్రద్ధ ఊరందఱి నష్టము.

అయినను మా మనసులోని మాట దాచము. పచ్చిదానికిని పండినదానికిని ఒకే ధర చెల్లినంతకాలము, దూసి తెచ్చిన యిల్లాలిని తప్పుపట్టుటకు మేమొప్పము. ఆమె మూడు నడకల కూలి ధరలో కానరావలెను గదా! నాంది సంస్థ తోడ్పాటుతో నడచిన గిరిజన రైతుల సహకారసంఘము ఈ దారినే పట్టినది. ఆ కాఫీకి 2017లో పారిస్ నగరమున అంగడి వెలసినది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది.

రుచిచూచువారి పద్ధతి మఱియు వింతగా నున్నది. లోకమున చిరకాలము సాగిన విధానమున ఒకే గింజలను అయిదు కప్పులలో వేఱువేఱుగా పోసెడివారు, ఒక్క కప్పు తప్పినను తెలియుటకు. ఎవరికివారు మాటలాడక జుఱ్ఱి, మార్కులు వ్రాసికొని, పిమ్మటనే పోల్చుకొనెడివారు. 100కి 80గాని అంతకుమించిగాని వచ్చినదే మేలురకముగా ఎంచెడివారు. ముందుగా పెద్దవాడు నోరువిప్పినచో తక్కినవారి నాలుకలు ఆయన నాలుకనే అనుసరించును గదా!

విశాఖపట్టణమున కంప్యూటరు కొలువుచేయు మా మేనకోడలు ఇది విని నవ్వినది. "మాకును ఇదే తగవు, పిన్నీ. ప్రోగ్రాము వ్రాయగానే పని అయినదని ఒకరు, పరీక్షించిన పిమ్మటగాని కాలేదని మఱియొకరు. తుదకు 'అయినది' అన్నమాటకు అర్థమును అందఱము కూర్చుండి కాగితముమీద వ్రాసికొంటిమి" అన్నది.

మేమును చీటీలు పంచితిమి. అత్తగారు, ఆడబిడ్డ, మేము వేఱువేఱుగా వ్రాసితిమి. వాసనకు అత్తగారు మాకంటె హెచ్చు మార్కులే వేసిరి! కొఱత చిక్కదనమున, వారు నలువదియేండ్లుగా త్రాగినది చికోరి కలిపిన పొడి. ఇప్పుడు మా వంటింట డబ్బాలు రెండు. వేయించుటకుముందు గింజలను చేటలోపోసి ఏఱుట మాత్రము ముగ్గురము కలిసియే చేయుచున్నాము.