ఆ బురద మీ ఆటస్థలం కాదు

కిందటి వానకాలం ఒక ఆదివారం, కవ్వాల్ అడవిలో, కడెం అవతల ఒక ఒర్రె దగ్గర ఏటీవీల (బురదలో తొక్కే లావు టైర్ల బండ్ల) గుంపు ఎదురైంది. ఒక బండి గట్టెక్కలేక చక్రాలు గిర్రున తిప్పుతుంటే, మిగతావాళ్లు ఈలలేస్తూ వీడియోలు తీస్తున్నారు. పది నిమిషాల్లో గట్టు కోసుకుపోయింది, తేటనీళ్లు చిక్కటి బురదయ్యాయి. దిగువన నీళ్లకొచ్చిన గోండు తల్లి ఖాళీ బిందెతో వెనుదిరిగింది. ఆనాటి నుంచి నా కడుపు మండుతూనే ఉంది.

ఇలా బురదలో బండ్లు తొక్కడాన్ని వాళ్లు సాహసం అంటున్నారు. నేను దౌర్జన్యం అంటున్నాను.

ఆ బండ్లు తొక్కే దారి ఎవరిదో తెలుసా? వాగులు పొంగితే ఏజెన్సీ గూడేలకు అంబులెన్సు రాదు. నొప్పులు పడుతున్న ఆడబిడ్డను మంచం మీద పడుకోబెట్టి, నలుగురు మోకాలి లోతు బురదలో మోసుకొచ్చేది ఆ దారినే. రోడ్డు వెయ్యమంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతులు రావాలంటూ ఫైలు ఏళ్ల తరబడి తిరుగుతుంది. బాలింతకు అడ్డొచ్చే అడవి చట్టం సరదా బండికి ఎందుకు అడ్డురాదు?

కవ్వాల్ 1965 నుంచి అభయారణ్యం, 2012 నుంచి టైగర్ రిజర్వ్. తడోబా వైపు నుంచి నదులు దాటి పులి తన చోటు వెతుక్కుంటూ వచ్చే అడవి ఇది. జంతువులు జతకట్టి పిల్లల్ని పెట్టే కాలమని జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ కూడా ఆపేస్తారు. సరిగ్గా ఆ మూడు నెలలే మీ బురద పండగ! పులికి నిమ్మళంగా ఉండాలనే కదా 2024లో రాంపూర్, మైసంపేట ఊళ్లను ఖాళీ చేయించి మద్దిపడగ దగ్గరికి తరలించారు? పుట్టిన గడ్డను వదిలిన ఆ కుటుంబాల త్యాగం మీ ఇంజిన్ల మోతకు జాగా చెయ్యడానికా?

తడిసిన నల్లరేగడి మీద లావు టైరు పోతే నేల లోపలిదాకా గట్టిపడుతుంది. నీరు ఇంకదు. చక్రాల గాడి చిన్న కాలువవుతుంది, వాన వానకూ లోతవుతుంది, పైమట్టిని ఒర్రెలోకి లాక్కుపోతుంది. అప్పుడే మొలిచిన టేకు మొక్క, నీటి గుంటలో కప్ప గుడ్లు, అన్నీ ఒక్క తొక్కుడుకు సరి.

మేమూ ప్రకృతి ప్రేమికులమే అంటారు. దారిలో గూడేనికి దుప్పట్లు పంచుతామంటారు. ఒర్రెను చెరిపిన చేత్తో దుప్పటి ఇస్తే లెక్క తీరుతుందా? అడవిలో పదిమంది కలిసి సాగడమంటే ఏంటో గోండుల్లోని మెస్రం వంశీయులను చూసి నేర్చుకోండి. ఏటా పుష్యమాసంలో కేస్లాపూర్ నుంచి కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా నడిచి, గోదావరి జలం తెచ్చి తమ దైవం నాగోబాకు అభిషేకం చేస్తారు. తరతరాలుగా వాళ్లు నడిచినా అడవికి గాయం కాలేదు.

అనుమతి లేకుండా అభయారణ్యంలోకి పోవడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వీడియోలు బయటపడి గగ్గోలయ్యేదాకా అధికారులు కూర్చోవద్దు. బండ్లను చెక్‌పోస్టులోనే ఆపాలి, లోపల దొరికితే జప్తు చెయ్యాలి. బురద మీద అంత మోజుంటే అడవి బయట పడావు భూములు కౌలుకు తీసుకొని తొక్కుకోండి, ఎవరూ కాదనరు.

ఇంకా సాహసమే కావాలంటే ఒక పని చెయ్యండి. వానకాలమంతా ఆ బండిని ఒక గూడెంలో పెట్టండి. అర్ధరాత్రి వాగు పొంగినప్పుడు, నొప్పులు పడే తల్లిని దవాఖానకు చేర్చండి. ఆ బురద దాటడాన్ని సాహసమని అందరికన్నా ముందు నేనే అంటాను.