కడుపునొప్పిని ‘గ్యాస్’ అని సరిపెట్టుకోవద్దు

కడుపునొప్పి అనగానే మన ఇళ్లలో మొదట వినిపించే మాట, “గ్యాస్ అయి ఉంటుంది”. చాలాసార్లు అది నిజమే. నిజం కాని రోజున మాత్రం ఆ మాటే ప్రాణం మీదికి తెస్తుంది. రాత్రి మొదలైన తీవ్రమైన నొప్పిని తెల్లవారేదాకా మాత్రలతో నెట్టుకురావడం మానాలని మా విన్నపం.

పొట్ట లోపలి గోడను, పేగులను కప్పి ఉంచే పలుచని పొరను పెరిటోనియం అంటారు. అపెండిక్స్ పగిలినా, జీర్ణాశయంలోని పుండుకు రంధ్రం పడినా, ముదిరిన టైఫాయిడ్ వల్ల పేగుకు చిల్లు పడినా లోపలి మలినాలు ఈ పొర మీద పడతాయి. పొర వాచి, చీము పడుతుంది. ఇదే పెరిటోనైటిస్. క్రిములు రక్తంలో చేరితే రక్తపోటు పడిపోయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల వారికి ఈ సంగతి మరీ అవసరం. ఉద్యోగ పరీక్షల కోసం ఊళ్ల నుండి వచ్చి, హాస్టళ్లలో ఉంటూ, నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దుపోయేదాకా చదువుకునే పిల్లలు ఇక్కడ ఎందరో. పరీక్ష దగ్గర పడిందని, అమ్మానాన్నలు కంగారు పడతారని నొప్పిని దాచుకుంటారు. తలనొప్పికీ ఒళ్లునొప్పులకూ అదేపనిగా వేసుకునే మాత్రలు, సిగరెట్లు పుండును ముదరబెడతాయి. వీరిని కనిపెట్టి ఉండవలసింది గదిలోని స్నేహితులు, హాస్టల్ నడిపేవారు, ఇల్లు అద్దెకిచ్చిన మనమే.

నొప్పి ఒకచోట మొదలై పొట్టంతా పాకడం, పొట్ట చెక్కలా గట్టిపడడం, దగ్గినా కదిలినా భరించలేకపోవడం, జ్వరం, వాంతులు, మలం, అపానవాయువు ఆగిపోవడం ప్రమాద సూచనలు. అపెండిక్స్ పగిలాక నొప్పి కాసేపు తగ్గినట్టు అనిపించవచ్చు. దానిని నమ్మి ఆగిపోవద్దు. వృద్ధులలో, షుగర్ ఉన్నవారిలో ఈ లక్షణాలు అంతగా బయటపడకపోవచ్చు.

అలాంటప్పుడు ఆముదం, విరేచనాల మందు, ఎనిమా ఇవ్వకండి. ఏమీ తినిపించకండి. 2005 నుండి నడుస్తున్న 108కు ఫోన్ చేయండి. ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. గాంధీ ఆసుపత్రి మన పక్కనే ముషీరాబాద్‌లో ఉంది.

అక్కడ సెలైన్, నరం ద్వారా యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, ఎక్స్‌రే, స్కాన్ తీస్తారు. “మందులతో తగ్గదా డాక్టరుగారూ?” అని చాలామంది అడుగుతారు. పేగుకు చిల్లు పడితే సాధారణంగా ఆపరేషన్ చేసి, చిల్లు మూసి, పొట్ట లోపల శుభ్రంగా కడగవలసిందే. ఆలోచిస్తూ గడిపే ప్రతి గంటా రోగికి నష్టం.

అన్ని రకాలకూ ఆపరేషన్ అక్కరలేదు. కాలేయం చెడి పొట్టలో నీరు చేరినవారికి వచ్చే రకానికి ఎక్కువగా యాంటీబయాటిక్స్ చాలు. క్షయ వల్ల వస్తే కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. ప్రభుత్వ కేంద్రాలలో అవి ఉచితం. ఇంట్లో పొట్ట ద్వారా డయాలిసిస్ చేసుకునేవారు సంచిలో నీరు మబ్బుగా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఏది ఏ రకమో తేల్చవలసింది డాక్టరు. పరీక్షించాక గ్యాసేనని తేలితే మంచిదే, పోయేది ఒక రాత్రి నిద్ర మాత్రమే.